నీరసించిన బ్యాటరీలు నేర్పిన పాట

కంట్రీ పాటలు పాడే కుర్రవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. గొంతును అంత లోతుకు ఎలా దించుతారు అని. తేనె తాగుతానని చెబుతాననో, తెల్లవారుజామున సాధన చేస్తానని చెబుతాననో ఆశగా నా మొహంలోకి చూస్తారు. వేదిక దిగిపోయాను కాబట్టి ఇప్పుడు అసలు సంగతి చెప్పేస్తే నాకు పోయేదేమీ లేదు. ఆ లోతు నాది కాదు. నాలుగు టార్చిలైటు బ్యాటరీలది.

ముందు నా గురించి కాస్త చెప్పాలి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ బియ్యం మిల్లుల్లో పనికి వచ్చాడు. నాన్న ఆ ఊళ్లోనే పబేడాన్ పేటలో పప్పుల దుకాణం పెట్టాడు. నేను ఆ దుకాణంలో కందిపప్పు తూస్తూ అమెరికా పల్లెపాటలు పాడుకునేవాణ్ణి. పరాయి దేశపు బాణీ తీసుకుని దానికి బర్మా మాటలు కట్టి పాడటం మా ఊళ్లో ఎప్పటి నుంచో ఉన్న పని. అందరూ తలో రకం బాణీ ఏరుకున్నారు, నాకు కంట్రీ దక్కింది. మా అమ్మకు మాత్రం క్యాసెట్టు అట్ట మీది గుర్రం బొమ్మ తప్ప మరేమీ అర్థమయ్యేది కాదు. "ఏట్రా ఆ గుర్రాల పాటలు? ముందు పప్పు తూసి పంపు" అనేది.

గుర్రం నేను ఈ రోజుకీ ఎక్కలేదు. టోపీ కొన్నాను. బూట్లు కూడా కొన్నాను గానీ, ఈ ఊళ్లో గుడికి వెళ్లినా, పగోడాకు వెళ్లినా, భిక్షువులకు దానం చేసే ఇంటికి పాడటానికి వెళ్లినా గడప దగ్గరే కాళ్లు ఖాళీ చెయ్యాలి. ఆ పొడుగు బూట్లు నా అంతట నేను పీక్కోలేకపోయేవాణ్ణి. ఒక ఇంటి గుమ్మంలో గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతుంటే లోపల బారుగా కూర్చున్న భిక్షువులు నవ్వు ఆపుకోవడం చూశాను. మర్నాటి నుంచి చెప్పులతోనే వేదికెక్కాను. వయసులో ఉన్నప్పుడు జనం నన్ను "కో కౌబాయ్" అనేవారు, జుట్టు నెరిశాక "ఊ కౌబాయ్" అన్నారు. సాటివాణ్ణి కో అనీ, పెద్దవాణ్ణి ఊ అనీ పిలవడం ఇక్కడి మర్యాద. నా ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రమోషన్ అదొక్కటే.

నాతో పాటు స్టీల్ గిటారు వాయించే మనిషి ఒకడుండేవాడు. గిటారును ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ వాయిస్తారు. బర్మా పాటల్లో కూడా ఆ వాయిద్యం పాతదే. వాళ్లది గంజాం వైపు కుటుంబం, ఇంట్లో తెలుగూ ఒడియా రెండూ నడిచేవి. మాకు చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజే ఒకరినొకరు బావా అని పిలుచుకున్నాం, ఆ పిలుపే ఉండిపోయింది. ఇక మాటలు రాసే పెద్దాయన బర్మా మనిషి. ఆయన్ని అందరిలాగే సయా అనేవాళ్లం, అంటే గురువుగారు.

మా ఊరి బోటాటౌంగ్ రేవులో ఓడ దిగిన నావికుడెవరో బావకు ఒక క్యాసెట్టు ఇచ్చాడు. దాని మీద పేరూ ఊరూ లేదు. ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. మా దుకాణం వెనక గదిలో ముగ్గురం కూర్చుని బ్యాటరీల మీద టేపురికార్డరు పెట్టాం. అవి అప్పటికే వాడేసినవి. కొత్తవి కొనడానికి నాన్న ఒప్పుకోడు కాబట్టి పొద్దుటి నుంచీ మేడ మీద ఎండబెట్టి, ఆ కాస్త వేడికి వచ్చిన కాస్త ప్రాణంతో నడిపించాం. ముందు పాటలు బాగానే పలికాయి. ఆఖరి పాట వచ్చేసరికి ఆ గాయకుడి గొంతు ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. ఒక్కొక్క మాటా ఆగి ఆగి, బరువుగా పడుతోంది. చివరి చరణంలో ఇంకా నెమ్మదించి, ఇంకా కిందికి జారి, గుసగుసలా మారి ఆగిపోయింది.

సయా లుంగీ అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏటి బావా, ఇలగ పాడేవోడు మనిసేనా?" అన్నాడు బావ. "పేనం పోతన్నట్టు పాడినాడు."

పాటకు ప్రాణం పోవడం లేదనీ, బ్యాటరీలకు పోతోందనీ మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. మళ్లీ విందామని వెనక్కి తిప్పితే నీరసపడిన టేపురికార్డరు క్యాసెట్టు రీలును నమిలేసింది. పెన్సిలు పెట్టి ఎంత తిప్పినా బాగుపడలేదు. అంచేత మా తలల్లో మిగిలిందే మాకు అసలైంది. సయా ఆ రాత్రికి మాటలు కట్టేశాడు. నది అవతల తన్లిన్ రేవులో ఒకావిడ భర్త కోసం అన్నం క్యారియరు పట్టుకుని లాంచీకి ఎదురుచూస్తూ ఉంటుంది. లాంచీ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, లాంచీ మాత్రం రాదు. వంతెన లేని రోజుల్లో అలా ఎదురుచూసిన ఆడవాళ్లు రంగూన్ నిండా ఉండేవారు. చివరి చరణంలో నా గొంతు కిందికి దిగుతుంటే బావ కడ్డీ కూడా తీగల మీద కిందికి జారేది. బ్యాటరీలు చూపించిన దారిలోనే ఇద్దరం ఆగిపోయేవాళ్లం.

ఆ పాట మాకు అన్నం పెట్టింది. జనం దాన్ని రేవు పాట అన్నారు. పెళ్లిళ్లలో పాడమని ఎవరూ పిలిచేవారు కాదు గానీ, బోటాటౌంగ్ నది ఒడ్డున ఒక హోటల్లో శనివారం కంట్రీ కార్యక్రమం పెట్టినప్పుడు మమ్మల్నే పిలిచారు. ఎప్పుడూ ఆఖరి పాట అదే. భోంచేసేవాళ్లు పాట నచ్చితే కౌంటరులో పూలదండ తీసుకుని గాయకుడి మెడలో వేయిస్తారు. ఆ దండే మళ్లీ కౌంటరుకు వెళ్లి, మళ్లీ మరొకరి చేతుల మీదుగా నా మెడలోకి వచ్చేది. ఒకే దండ ఒకే సాయంత్రం నన్ను ఎన్నిసార్లు సన్మానించిందో చెప్పలేను. వెనక కూర్చుని వాయించేవాళ్లకు మాత్రం దండలు వెయ్యరు. పూల పుప్పొడి పడక తుమ్ముతూ, "నీకు పూలు, నాకు తుమ్ములు" అని బావ నవ్వేవాడు.

ఏళ్లు గడిచాయి. సయా పోయాడు. బావకు పక్షవాతం వచ్చి, చాలామటుకు తగ్గి, ఎడమ చేతిలో వణుకు మిగిల్చి పోయింది. వేగంగా వాయించే పాటలన్నీ ఒక్కొక్కటే మానుకున్నాం. చివరికి బావ వాయించడానికి రేవు పాట ఒక్కటే మిగిలింది. విచిత్రమేమిటంటే ఆ నెమ్మదిలో ఆయన చేతి వణుకు తీగల మీదికి ఎక్కి, పాట మరింత కంపిస్తూ వినిపించేది. అది కొత్త పనితనం అనుకుని జనం మెచ్చుకునేవారు. మేం వద్దనలేదు.

హోటల్లో డ్రమ్స్ వాయించే అమ్మాయి మా అక్క మనవరాలు. తెలుగు వింటే అంతా అర్థమవుతుంది, మాట్లాడితే సగం బర్మాలోకి జారిపోతుంది. ఒక శనివారం రిహార్సల్‌కు నవ్వు బిగబట్టుకుని వచ్చింది. ఫోనుకు బాణీ వినిపిస్తే అసలు పాట వెతికి పెట్టే సదుపాయం ఏదో ఉందట.

"తాతా, కోపం రాకూడదు, ఓకే? రేవు పాట నెమ్మదిగా పెడితే దొరకనేదు. ఊరికే స్పీడు పెంచి పెట్టినాను. విను."

విన్నాం. ఎవడో హుషారైన కుర్రాడు, శనివారం సాయంత్రం కొత్త బండి తోలుకుంటూ నాట్యానికి వెళ్తూ ఈలలు వేస్తూ పాడుతున్నాడు. వెనక జనం చప్పట్లు. బాణీ మాత్రం అక్షరాలా మాదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పప్పుల దుకాణంలో కూర్చుని మరీ పప్పులో కాలేశాం.

ముందు నవ్వింది బావే. "ఓరి నాయనో! ఈడు జాతరకి ఎల్తన్నాడు బావా. మనం ఈడిని సావుకి తీసుకెల్లినాం!" అంటూ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. అంతలో పాటలో స్టీల్ గిటారు వంతు వచ్చింది. తీగల మీద కడ్డీ అటూ ఇటూ పరుగులు పెడుతోంది. బావ నవ్వు ఆగిపోయింది. ఎడమ చెయ్యి తీసి ఒళ్లో దాచుకున్నాడు.

ఆ ఫోను పాట హోటల్ యజమానురాలి చెవిన కూడా పడింది. తండ్రి తర్వాత ఆ అమ్మాయే హోటల్ నడుపుతోంది. చెడ్డ మనిషి కాదు. మర్నాడు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి టీ పోయించింది.

"ఊ కౌబాయ్, జనం తగ్గిపోతున్నారు, మీరూ చూస్తున్నారు. రోజులు బాగాలేవు, చీకటి పడేలోగా ఇళ్లకు చేరలేమేమోనని అందరికీ భయం. ఉన్న కాసేపూ కూర్చున్నవాళ్లు మీ ఆఖరి పాట విని కళ్లు తుడుచుకుని వెళ్లిపోతున్నారు. ఏడవడానికి వాళ్లకు ఇళ్ల దగ్గర చాలానే ఉంది. ఇక్కడైనా నవ్వనిద్దాం. ఆ పాటను అసలు పాడినట్టే హుషారుగా, ఇంగ్లీషులోనే పాడండి."

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ తర్వాత తల వంచుకుని చెప్పింది. ఆ వేగానికి స్టీల్ గిటారు వంతు కీబోర్డు కుర్రాడు వాయిస్తాడట. పెద్దాయన విశ్రాంతి తీసుకోవచ్చట. ఆయన గిటారు ఇస్తే కౌంటరు పైన గోడకు అందంగా తగిలిస్తారట.

నాకు ముక్కు మీద కోపం. బయటికి రాగానే నేనూ మానేస్తానన్నాను.

"నువ్వు మానేస్తే నా సెయ్యి బాగవుతాదా?" అని బావ కసిరాడు. "ఆ పిల్ల సెప్పినదాంట్లో అబద్దం ఏటుంది? ఎల్లి పాడు. నాను ఇంటికాడ కూకుంటాను. ఇన్నేల్లు కూకోలేదా, కుర్చీ మారతాది, అంతే గదా."

మాట తేలిగ్గానే అన్నాడు. కానీ ఆయన్ని దింపడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు వాళ్లావిడ నన్ను వాకిట్లోనే ఆపింది. నేను ఆవిడను అక్క వరసన అప్పా అంటాను.

"తమ్ముడూ, ఈయన ఇంటికాడ కూకుంటే మనిసి మిగలడు. శనోరం వొస్తాది, వాయించాల అనే గదా వారమంతా ఆ సేతికి నూనె రాయించుకుంటాడు. వేల్లు కదపమంటే ఏడుస్తా కదుపుతాడు. శనోరం నేదంటే ఇంక ఎందుకు కదుపుతాడు?"

టీ కూడా తాగకుండా వచ్చేశాను.

మరుసటి శనివారం పొద్దున బావే తన గిటారును సైకిలు రిక్షాలో పెట్టుకుని తెచ్చాడు. గోడకు తగిలిస్తే తీగల బిగువుకు చెక్క వంగిపోతుందని తీగలన్నీ తనే వదులు చేసిచ్చాడు. పనివాడు కౌంటరు పైన మేకు కొట్టి దాన్ని తగిలించాడు, పక్కన నా పాత టోపీ ఒకటి. సాయంత్రం బావ, అప్ప ఇద్దరూ భోజనానికి వచ్చిన వాళ్లలా ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన్ని జనంలో కూర్చుని ఉండగా నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. వేదిక మీది నుంచి అటు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాను.

చివర్లో హుషారు పాట అందుకున్నాను. మనవరాలు డ్రమ్స్ మీద గుర్రాన్ని దౌడు తీయించింది. ఇంగ్లీషు మాటల్లో సగం మింగేశాను, ఎవరూ పట్టించుకోలేదు. కుర్రవాళ్లు లేచి గెంతారు. పిల్లల తల్లులు చప్పట్లు కొట్టారు. యజమానురాలు కౌంటరు వెనక ఊగుతోంది. నిజం చెబుతున్నాను, నాకు కూడా బాగుంది, అంత బాగున్నందుకే సిగ్గేసింది. బావ బల్ల మీద కుడిచేత్తో తాళం వేస్తున్నాడు. ఎడమ చెయ్యి బల్ల కింద ఉంది.

పాట అయ్యాక ఒక పెద్దావిడ దండ పట్టుకుని తనే వేదిక దగ్గరికి వచ్చింది. తన్లిన్ నుంచి తరచూ వచ్చే బర్మా ఆవిడ. కూతురు ఆవిడ మోచెయ్యి పట్టుకుని, బస్సు వెళ్లిపోతుందని తొందరపెడుతోంది.

"ఊ కౌబాయ్, రేవు పాట ఎప్పుడు పాడతారు?" అని అడిగింది.

"ఇప్పుడు పాడింది అదేనమ్మా."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "అది పిల్లల పాట. నేను అడిగేది ఆ పాట. క్యారియరు పాట. అది విని వెళ్దామనే ఉన్నాను."

బాణీ ఒకటే అని చెప్పబోయాను. ఒకప్పుడు నిజంగానే ఆ క్యారియరు పట్టుకుని రేవులో నిలబడ్డ మనిషికి ఆ రెండూ ఒకటని ఏ మొహం పెట్టుకుని చెప్పను? కీబోర్డు కుర్రాడు ఏదో మీట నొక్కి తీగ జారుతున్న చప్పుడు తెప్పించబోయాడు. అది తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. వాడే చెయ్యి తీసేశాడు.

నేను బావ వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశాడు. మేమిద్దరం ఏమీ అనకముందే యజమానురాలు కౌంటరు దగ్గరికి స్టూలు జరుపుకుని ఎక్కి, గిటారును మేకు నుంచి తీసి, రెండు చేతుల్తో పట్టుకుని వచ్చింది. కుర్చీ తెమ్మని పనివాడికి చేత్తో సైగ చేయబోయి, చేతులు ఖాళీ లేక గడ్డంతో చూపించింది.

తీగలన్నీ వదులుగా ఉన్నాయి కదా. మళ్లీ బిగించాలి. వణికే చేత్తో ఒక్కొక్క మరా తిప్పి, మీటి, చెవి దగ్గర పెట్టుకుని, కాదని తల ఊపి మళ్లీ తిప్పుతున్నాడు. హోటలంతా ఎదురుచూస్తోంది. ఈయన బిగించలేక లేచిపోతే ఇక జన్మలో మళ్లీ ఆ కుర్చీలో కూర్చోడని నాకు తెలుసు. అప్పకూ తెలుసు, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు మళ్లీ బస్సు సంగతి ఎత్తితే పెద్దావిడ, "పోతే పోనీ, ఇంకోటి వస్తుంది" అని ముందు వరసలో కూర్చుంది.

చివరికి బావ తల ఎత్తి, "ఊఁ, పద" అన్నాడు.

ఆ రోజు పాడినంత నెమ్మదిగా ఎప్పుడూ పాడలేదు. మనవరాలు పాట పట్టడానికి ఫోను ఆన్ చేసి, కర్రలు పక్కన పెట్టి వేళ్లతో డ్రమ్ మీద నిమిరింది. నిజమేమిటో పూర్తిగా తెలిసిన పిల్ల, అయినా చివరి చరణం దగ్గర మాకంటే ముందు తనే నెమ్మదించింది. నేను గొంతు దించాను. బావ కడ్డీ నాకంటే కిందికి జారింది. మామూలుగా ఆగే చోట ఆగలేదు, ఇంకా జారింది. నా గొంతులో అంత లోతు ఉందని నాకే తెలియదు, ఆయన వెంటపడి దిగాను. ఎక్కడ ఆగామో వింటున్నవాళ్లకు తెలియలేదు.

పెద్దావిడ లేచి వచ్చింది. దండ నాకు వేస్తుందని అలవాటుగా మెడ వంచాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి బావ మెడలో వేసింది. ఆయనకేం చెయ్యాలో తోచక, "ఏటిది బావా, నాకెందుకు, నాకు తుమ్ములొస్తాయి గదా" అన్నాడు. నిజంగానే తుమ్మాడు కూడా. అప్ప పకపకా నవ్వుతూ ఏడ్చేసింది.

గిటారును మళ్లీ గోడకు తగిలించలేదు. ఆ తర్వాత శనివారాల్లో హుషారు పాట ముందు, రేవు పాట ఆఖర్న పాడాం. హుషారు పాటతో జనం పెరిగిన మాట కూడా నిజమే. యజమానురాలి లెక్క తప్పు కాదు. ఉత్త మేకు మాత్రం గోడకు అలాగే ఉంది.

కొన్నాళ్లకు బావకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి వణుకు కూడా మిగల్లేదు. ఎడమ చెయ్యి పడిపోయింది. నేనూ మానేశాను. ఈసారి ఎవరూ కసరలేదు. ఇప్పుడు శనివారం సాయంత్రం పబేడాన్ నుంచి నడుచుకుంటూ వాళ్లింటికి వెళ్తాను. చెప్పులతోనే. అప్ప టీ పెడుతుంది, ఆయన చేతికి నూనె రాస్తూ నేను ఊళ్లో కబుర్లు చెబుతాను.

మొన్న మనవరాలు, బావ మెడలో దండ పడిన సాయంత్రం తను ఫోనులో పట్టిన రేవు పాటను నా ఫోనుకు పంపింది. బావ దిండు పక్కన పెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. చివరి చరణం మొదలవగానే టక్కున ఆగిపోయింది.

"ఇదేటి బావా? మద్దిలో సెప్పకుండా ఆగిపోనాది?"

"చార్జి అయిపోయింది బావా."

ఇంట్లో కరెంటు లేదు. ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. బయట చీకటి పడుతోంది. బావ ఫోనును పక్కకు జరిపాడు.

"మన బేటరీలే నయం" అన్నాడు. "ఎలగ ఆగాలో సెప్పి మరీ ఆగినాయి." కుడిచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. "మిగిలింది నువ్వు పాడు. తొందర పడకు."

మంచం పక్కన కూర్చుని చివరి చరణం పాడాను. నాకు వీలైనంత నెమ్మదిగా పాడాను.